కారణం లేని జంకు

పెళ్లికి బయలుదేరి అందరూ ఆటోలో కూర్చున్నాక, తాళం చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడిపోవడం ఇందుమతికి అలవాటు. ఏదో మరిచిపోయినట్టు ఉంటుంది, ఏమిటో తెలియదు. గ్యాసు కట్టేశావా, పెరటి తలుపు గడియ వేశావా అని అడిగితే వేశాననే చెబుతుంది. అయినా కాలు కదలదు. "ఎర్ర సిగ్నల్ పడింది, ఇంజను ఆపుకో బాబూ," అనేవాడు భర్త శశిధర్ ఆటో అతనితో. ఇందుమతి మళ్లీ లోపలికి వెళ్లి గదులన్నీ తిరిగి, ఏ స్నానాలగదిలోనో హీటరు స్విచ్చి ఆపి వచ్చేది. చాలాసార్లు ఏమీ దొరక్క ఉత్తచేతులతోనే వచ్చేది. ఆటోలో అందరూ నవ్వేవారు. ఆమె కూడా నవ్వి, సర్దుకుని కూర్చునేది.

ఆఫీసులో మాత్రం ఆ ఆగిపోవడానికి ఒక గౌరవం ఉండేది.

విశాఖపట్నంలో, కిటికీ తీస్తే సముద్రం కనబడే కొండ మీద ఉన్న ఆ కంపెనీ ఆస్పత్రులకి వార్మర్లు తయారు చేస్తుంది. నెల తక్కువ పుట్టిన పిల్లల్ని పడుకోబెట్టి పైనుంచి వెచ్చదనం ఇచ్చే బల్లలవి. బిడ్డ ఒంటికి అతికించిన చిన్న బిళ్ల, చర్మం ఎంత వెచ్చగా ఉందో చెబుతూ ఉంటుంది. దాన్ని బట్టి పైనున్న హీటరు ఎంత కాగాలో నిర్ణయించే ప్రోగ్రాము రాయడం ఇందుమతి వాళ్ల పని. రాసినన్నాళ్లూ చేత్తోనే రాసింది. ఒక చిన్న భాగం రాసి, వంకర తీసి, అక్కర్లేని మాట కొట్టేసి, చివరికి అది తేలిగ్గా, తొణక్కుండా నడుస్తుంటే, పండగ ముందు రోజు ఇల్లంతా కడిగి తడి గచ్చు మీద నిలబడినప్పటి తృప్తి కలిగేది ఆమెకు. అది ఎవరితోనూ చెప్పుకునేది కాదు.

వాళ్లకొక పద్ధతి ఉండేది. శుక్రవారం మధ్యాహ్నం అందరూ ఒక గదిలో చేరి, ఒకరు రాసిన ప్రోగ్రాము ఇంకొకరు పైకి చదవాలి. రాసినవాళ్లు నోరు మెదపకూడదు. చదివేవాళ్ల గొంతు ఎక్కడ తట్టుకుంటే అక్కడ ఆపి, ఎందుకు తట్టుకుందో అందరూ కలిసి వెతకాలి. ఇందుమతి చదివితే పని తెమలదని విసుక్కుంటూనే, ముఖ్యమైనవన్నీ ఆమె చేతే చదివించేవారు. ఆమె ఎందుకు ఆగిందో ఆమెకే తెలిసేది కాదు. నేను చెప్పలేనండీ, కానీ ఇక్కడేదో ఉంది అనేది. గది అంతా ఆ లైను చుట్టూ మూగేది. ఒక్కోసారి రెండు రోజుల తర్వాత, ఎవరో స్నానం చేస్తుండగా దొరికేది ఆ తప్పు.

తర్వాత రాసే మిషన్లు వచ్చాయి. ఏం కావాలో మామూలు మాటల్లో చెబితే ప్రోగ్రాము అదే రాసేస్తుంది. మొదట్లో చిన్న చిన్న ముక్కలు రాసి పెట్టేది, ఏడాది తిరిగేసరికి మొత్తం రాయసాగింది. వండే చెయ్యి వడ్డించే చెయ్యి అయింది. ఆ తర్వాత అదీ పోయి, రుచి చూసే నాలుక మాత్రం మిగిలింది. ఒక్క రోజులో మిషన్ రాసి పోసేది పైకి చదవాలంటే శుక్రవారాలన్నీ చాలవు కాబట్టి ఆ పద్ధతి దానంతట అదే ఆగిపోయింది. ఎవరూ రద్దు చేయలేదు. ఆ గదిలో కాఫీ మిషన్ పెట్టారు.

అప్పుడే ల్యాబు పెద్ద కౌండిన్య ఒక సంగతి కనిపెట్టాడు. మనిషి మనసులో చదువుకుంటున్నా గొంతులో కండరాలు కంటికి తెలియనంత సన్నగా కదులుతూనే ఉంటాయి. అనుమానం ఉన్న చోట అవి ఆగుతాయి. అనుమానం వచ్చిందని చదివేవాళ్లకి తెలిసేలోపే ఆగుతాయి. దవడ కింద అతికించుకునే పల్చటి పట్టీ ఒకటి చేసి ఆ ఆగడాన్ని పట్టుకున్నాడు. ల్యాబులో దానికి జంకు అని పేరు పెట్టారు.

"రాసే మిషన్‌కి అన్నీ వచ్చు ఇందుమతి గారూ, జంకడం ఒక్కటే రాదు. తప్పైనా ఒప్పైనా ఒకే ధైర్యంతో రాసేస్తుంది," అన్నాడు కౌండిన్య, పట్టీ ఆమె చేతికిస్తూ. "అది ఈ పట్టీ మీ దగ్గర నేర్చుకోవాలి."

నలభై దాటాక, ఇక తనతో పనేముందని అనుకుంటున్న రోజుల్లో విన్న మాట అది. ఆ సాయంత్రం ఇంట్లో అత్తగారికీ భర్తకీ రెండుసార్లు చెప్పింది. నీ సిగ్నళ్లకి కూడా గిరాకీ వచ్చిందన్నమాట, అన్నాడు శశిధర్.

పట్టీ పెట్టుకుని కూర్చుంటే పని తేలికే. తెర మీద మిషన్ రాసినది చదువుకుంటూ పోవడమే. ఒక పేజీ మధ్యలో ఆమె కళ్లు కిందికి దిగిపోయాయి గాని, పైన ఒక లైను పసుపు రంగులోకి మారింది. పక్కన చిన్న పెట్టె తెరుచుకుంది. ఎందుకు ఆగారు, అని అడిగింది. ఇందుమతి ఆ లైను మళ్లీ చదివింది. పైదీ కిందదీ చదివింది. తప్పేమీ కనబడలేదు. అలాగని బాగుందనడానికి మనసొప్పలేదు. చేటలో బియ్యం ఏరుతున్నప్పుడు రాయిని కన్ను చూడకముందే వేలు ఆగుతుంది. ఎందుకు ఆగావంటే వేలు ఏం చెబుతుంది? చాలాసేపు చూసి, తెలియదు, అని టైపు చేసింది. పెట్టె మూసుకుంది. తెర తర్వాతి పేజీకి వెళ్లిపోయింది.

శుక్రవారాల్లో ఆ మాటతోనే పని మొదలయ్యేది. ఇక్కడ ఆ మాట అనగానే పని అయిపోతోంది. ఇందుమతికి అది తోచింది, కానీ యంత్రానికి దాని పద్ధతి దానికుంటుందిలే అనుకుంది.

పక్క కుర్చీలో ప్రణీత్ కూర్చునేవాడు. ఉద్యోగంలో చేరిన నాటికే రాసే మిషన్లు ఉన్నాయి కాబట్టి అతను చేత్తో ప్రోగ్రాము రాసింది కాలేజీలోనే. మంచివాడు, నవ్వుముఖం. అతని పెట్టెలు తెరుచుకోవడం, నిండటం, మూసుకోవడం టకటకా జరిగిపోయేవి. ఒకసారి ఆమె తెర వైపు చూసి, ఇన్ని తెలియదులేమిటని ఆశ్చర్యపోయాడు.

"ఏదో ఒకటి రాసేయండి మేడమ్. పేరు స్పష్టంగా లేదనో, ఈ అంకె ఎక్కడిదో చెప్పలేదనో. నేనైతే నాలుగు రకాలు తయారుగా పెట్టుకున్నాను."

"నిజంగా అందుకే ఆగావా?"

"ఆగినప్పుడు అదే అయ్యుంటుంది కదా."

"అయ్యుంటుందంటే తెలిసినట్టు కాదు."

"పరీక్షలో ఖాళీ వదిలితే సున్నాయే మేడమ్," అని నవ్వి, తన పెట్టె నింపుకున్నాడు.

ఇందుమతికి ఆ పని చేతకాలేదు. తెలియని చోట తెలియదనే రాసింది. నెలల తరబడి అదే మాట రాసింది. అంత నికార్సుగా పని చేస్తున్నందుకు లోలోపల కాస్త గర్వపడింది కూడా.

చలికాలానికి పట్టీ నేర్చుకోవడం పూర్తయింది. ఇక అదే జంకడం మొదలుపెట్టింది. చదువుతున్నప్పుడు అనుమానం ఉన్న చోట దవడ కింద సన్నగా తడుతుంది, పసిపిల్లాడు వేలితో తాకినట్టు. తట్టిన చోట ఆగి చూసుకుంటే చాలు, మిగతాదంతా పరుగున చదివేయవచ్చు. ల్యాబులో అందరికీ పట్టీలు ఇచ్చారు. ఒకప్పుడు వారమంతా నలిగిన పని ఒక పూటలో అయిపోయేది. కౌండిన్యకి పైవాళ్ల దగ్గర మంచి పేరు వచ్చింది. సాయంత్రం ఐదింటికల్లా కొండ దిగి ఇంటికి వస్తున్న ఇందుమతిని చూసి అత్తగారు సీతారత్నం, ఉద్యోగమేమైనా పోయిందేటమ్మా అని అడిగింది.

ఇంట్లో కూడా ఆమె చురుకైంది. ముందుగా గమనించింది శశిధరే. చీరల కొట్లో ఒకప్పుడు పదిసార్లు మడత విప్పించి, కొంగు వెలుతురులోకి పట్టుకెళ్లి చూసి, చివరికి కొనకుండా వచ్చే మనిషి, చూపించిన రెండోదే కొనేసింది. గుమ్మం దగ్గర తాళం వేసి చకచకా వచ్చి ఆటో ఎక్కింది. "సిగ్నళ్లన్నీ ఎత్తేశారమ్మా, ఎక్స్‌ప్రెస్ అయిపోయింది నీ కోడలు," అన్నాడు తల్లితో. అందరికీ హాయిగానే ఉంది. ఇందుమతికీ హాయిగానే ఉంది. ఎప్పుడూ ఏదో మరిచిపోయినట్టు వెంటాడే ఆ బరువు లేదు. మెడ తేలికైంది.

ఒక రోజు ఆఫీసులో, బిడ్డ ఒంటి బిళ్ల గురించిన భాగం చదువుతోంది. చదివి, కింద బాగుందని నొక్కేశాక గుర్తొచ్చింది. ఇలాంటి చోట్లనే తను ఆగుతూ ఉండేది. ఇదే లైను కాదు, కానీ ఇలాంటిదే. ఇప్పుడు పట్టీ తట్టలేదు. అది తట్టలేదు కాబట్టి తనూ ఆగలేదు. వెనక్కి వెళ్లి చదివింది. ఏమీ అనిపించలేదు. లేచి కౌండిన్య గదికి వెళ్లింది.

అతను సంతోషంగానే వివరించాడు. నేర్పే ముందు సరుకుని శుభ్రం చేశామన్నాడు. కారణం రాసిన ఆగుళ్లు ఉంచి, కారణం లేనివి తీసేశారట. ఆమెవి ఎన్ని మిగిలాయని అడిగితే తెర ఆమె వైపు తిప్పాడు. ఆమె పేరుకి ఎదురుగా ఖాళీగా ఉంది. ప్రణీత్ పేరు పక్కన పొడుగాటి గీత ఉంది.

"మీరే రాశారు కదండీ, తెలియదని," అన్నాడు కౌండిన్య.

"తెలియకే రాశాను."

"అందుకే తీసేయాల్సి వచ్చింది. దగ్గొచ్చి ఆగినా, ఇంట్లో కుక్కరు గుర్తొచ్చి ఆగినా గొంతు ఒకలాగే ఆగుతుంది. కారణం చెప్పకపోతే ఏది దగ్గో ఏది జంకో పట్టీకి ఎలా నేర్పను?"

అడగవలసిన ప్రశ్నే. తీసేసినవి మళ్లీ కలపడానికి లేదా అని అడిగింది. గొంతు కదలికలు మనుషుల సొంత విషయం కాబట్టి పని అయిపోగానే చెరిపేయాలని నియమం ఉందట. పైగా అప్పటి ప్రోగ్రాముని మిషన్ ఎన్నోసార్లు తిరగరాసింది, ఆమె ఆగిన లైన్లే ఇప్పుడు లేవు.

"కారణం రాసినవాళ్లంతా తెలిసే రాశారంటారా?" అని అడిగింది చివరికి.

"తెలియకపోతే ఎందుకు రాస్తారండీ," అన్నాడు కౌండిన్య. అతని గొంతులో వెటకారం లేదు. నిజంగానే అతనికి అలా రాసే మనిషి ఊహకి అందలేదు. ప్రణీత్ పేరు ఇందుమతి నోటిదాకా వచ్చింది. చాడీ చెప్పినట్టు ఉంటుందని మింగేసింది.

పట్టీ తీసేసి చదవడానికి ప్రయత్నించింది ఆ వారం. పట్టీ లేకుండా బాగుందని నొక్కితే తెర ఒప్పుకోదు. మళ్లీ పెట్టుకుంది.

సీతారత్నానికి రక్తపోటు ఉంది. పొద్దున్నే రెండు బిళ్లలు ఇవ్వడం కోడలి పని, ఏళ్లుగా చేస్తున్నదే. ఆ నెల మందుల షాపువాడు అవే బిళ్లలు రెట్టింపు బలంవి ఇచ్చాడు, ఇకమీద ఒకటి వేస్తే చాలన్న మాట చెప్పకుండానే. అట్ట మీద పేరు అదే, రంగు అదే, పక్కన అంకె మాత్రం వేరు. ఇందుమతి అట్ట చేతిలోకి తీసుకుంది, అంకె చూసింది కూడా. తర్వాత ఎంత తలుచుకున్నా, చూశాననే గుర్తుంది ఆమెకి. చూసి, రెండు బిళ్లలు నొక్కి తీసి అత్తగారి చేతిలో పెట్టింది. మూడో రోజు సీతారత్నం పూజ గూటి ముందు నుంచి లేవబోయి అలాగే పక్కకి ఒరిగిపోయింది. పీట అంచు తగిలి కణత చిట్లింది. ఆస్పత్రిలో కుట్లు వేసి, ఒక రాత్రి ఉంచుకుని పంపారు.

"షాపువాడు చూసి ఇవ్వాలి గాని, నీ తప్పేటమ్మా ఇందులో," అంది ముసలావిడ కట్టుతో మంచం మీద పడుకుని. శశిధర్ కూడా తప్పు పట్టలేదు. ఎవరైనా పొరబడతారని అన్నాడు. ఎవరైనా పొరబడవచ్చు, నిజమే. కానీ ఇందుమతి పొరబడేది కాదు. పేరు అదే, రంగు అదే, అంకె వేరు. ఒకప్పుడైతే అట్ట పట్టుకుని వంటింటి గుమ్మంలో రాయిలా నిలబడిపోయేది. ఎందుకని అడిగితే చెప్పలేకపోయేది, కానీ బిళ్లలు ఆమె చేతిలోనే ఉండిపోయేవి. అట్ట చూస్తూ తను ఎదురుచూసింది దేనికోసమో ఇప్పుడు అర్థమైంది. దవడ కింద తడుతుందేమోనని చూసింది. ఇంట్లో పట్టీ లేదు.

ఆమెకి తెలియకుండానే అది అలవాటైంది. తను ఆగబోయే ముందే అది తడుతూ వచ్చింది. చంకలో మోస్తున్నంతకాలం పిల్లలకి నడక రానట్టు, తనలో ఆ ఆగుడు చడీచప్పుడు లేకుండా పోయింది. పట్టీలో ఉన్నది ప్రణీత్ కల్పించిన నాలుగు రకాల కారణాలు. తనలో ఉన్నది ఏమీ లేదు.

వేసవిలో ఒక జిల్లా ఆస్పత్రి నుంచి కబురొచ్చింది. కొత్త ప్రోగ్రాము పెట్టిన వార్మరు మీద పడుకోబెట్టిన ఆడపిల్ల వీపు కాలింది. బిడ్డ చల్లబడిపోతోందనుకుని యంత్రం వేడి పెంచుతూ పోయిందట. నర్సు చూసి చేతుల్లోకి తీసుకోబట్టి ప్రాణం దక్కింది. ఫొటో పంపారు. పెద్దవాళ్ల అరచెయ్యంత వీపు, దాని మీద ఎర్రగా పొరలు లేచిన చర్మం. కౌండిన్య ఆ ఫొటో చూసి భోజనం డబ్బా మూసేసి బయటికి వెళ్లిపోయాడు. అప్పటికే లోడు చేసి కంపెనీ ఆవరణలో నిలబెట్టిన లారీలని ఆపించాడు.

రాసే మిషన్‌ని అడిగారు. తప్పు లేదంది. పట్టీలు పెట్టుకుని అందరూ చదివారు. అనుమానించదగ్గ చోట ఎవరి దవడ కిందా తట్టలేదు. నర్సు బిళ్ల సరిగ్గా అతికించి ఉండదని పైవాళ్లు అన్నారు. కౌండిన్యకి తృప్తి కలగలేదు. కాఫీ మిషన్ గది ఖాళీ చేయించి, శుక్రవారం మధ్యాహ్నం అందరినీ పిలిచాడు. పట్టీ లేకుండా, పాత పద్ధతిలో, ఇందుమతి పైకి చదవాలన్నాడు.

ఆమె చదివింది. అందరూ ఆమె పెదవులకేసే చూస్తున్నారు, ఎక్కడ తట్టుకుంటుందోనని. గొంతు కాలువ నీళ్లలా సాగిపోయింది. బిళ్ల మాట వచ్చిన చోట తనే కావాలని నెమ్మదించి చూసుకుంది. అడుగున ఏమీ తగల్లేదు. చివరి పేజీ తిప్పేసరికి కుర్చీలు కిర్రుమన్నాయి, ఎవరో హమ్మయ్య అన్నారు. ఇందుమతి మేడమే ఆగలేదంటే ఇంక భయం లేదన్నాడు ప్రణీత్.

అందరూ వెళ్లాక ఆమె కౌండిన్య దగ్గర నిలబడింది.

"నేను ఆగలేదని లారీలు వదిలేయకండి. నేను ఆగకపోవడానికి ఇప్పుడు అర్థం లేదు."

"మీకేమైనా భయంగా ఉందా?"

"భయంగా లేదండీ. అదే చెబుతున్నాను. ఏమీ లేదు."

కౌండిన్య కళ్లజోడు తీసి కళ్లు నలుపుకున్నాడు. చాలా ఆస్పత్రుల్లో పిల్లల్ని మామూలు బల్బుల కింద పడుకోబెట్టి వీటి కోసం ఎదురుచూస్తున్నారని చెప్పాడు. ఆలస్యమైతే చల్లబడి పోయేవాళ్లూ పిల్లలేనన్నాడు. అదీ అబద్ధం కాదు.

"మీరూ ఆగలేదు, పట్టీ కూడా ఆగలేదు. ఇద్దరూ ఒకటే చెబుతున్నారు కదా ఇందుమతి గారూ."

"ఇద్దరం లేమండీ. ఆ పట్టీ ఎంతో నేనూ ఇప్పుడంతే."

అతనికి అది వినయంలా వినిపించినట్టుంది. సోమవారం పొద్దున్న లారీలు కదలాలన్నాడు. "ఒక్క లైను చూపించండి. ఇదిగో ఇక్కడ, అనండి. మొత్తం ఆపేస్తాను, పైవాళ్లతో నేను మాట్లాడతాను. ఏమీ అనిపించడం లేదని చెబితే, దాన్ని పట్టుకుని నేనెలా ఆపను?"

ప్రోగ్రాము మొత్తం అచ్చు వేయించుకుని ఇంటికి తెచ్చుకుంది. ఆదివారం వంట కూడా శశిధర్‌కి అప్పజెప్పి, హాల్లో కిటికీ పక్కన కూర్చుని చదివింది. వెనక నుంచి ముందుకి చదివింది. బిళ్ల మాట ఉన్న పేజీలు విడదీసి చదివింది. బిడ్డ నిజంగా చల్లబడితే ఏమవుతుంది, బిళ్ల ఊడి గాలి తగిలితే ఏమవుతుందని కాగితం మీద బొమ్మలు గీసుకుంది. ఊడిన సంగతి కనిపెట్టే లైన్లు ఉన్నాయి. అవి సరిగ్గానే కనబడ్డాయి. ఏ లైను చూసినా కడిగిన పళ్లెంలా మెరుస్తోంది.

ఎవరైనా వింటుంటే గొంతు మారుతుందేమోనని, పడక్కుర్చీలో ఉన్న అత్తగారి ఎదుట కూర్చుని పైకి చదవడం మొదలుపెట్టింది. సీతారత్నం విజయనగరంలో పిల్లలకి పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. అర్థం కాకపోయినా, బడిలో పాఠం ఒప్పజెప్పించుకున్నట్టు కళ్లు మూసుకుని, కుట్ల మచ్చ ఉన్న తల చేత్తో ఆనించుకుని చివరిదాకా విన్నది.

"చక్కగా చదివేవమ్మా," అంది కళ్లు తెరిచి. "ఒక్క చోటైనా తడబడలేదు. నా దగ్గర చదివిన పిల్లల్లో ఎవలికీ ఇంత ధార లేదు."

ఇందుమతి కాగితాలు ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయింది. వంటింట్లో కుక్కరు కూత వేసింది. కంపెనీ ఆవరణలో నిలబెట్టిన లారీలు, వాటిలో అట్టపెట్టెలు, పెట్టెల్లో బల్లలు. రెండు మూడు రోజుల్లో ఒక్కొక్క బల్ల మీద ఒక బిడ్డ ఉంటుంది. ఒక్క లైను చాలు అన్నాడు కౌండిన్య. ఏ లైను కావాలో చెప్పలేదు.

బిళ్ల గురించిన పేజీల్లోంచి ఒకదాన్ని ఎంచుకుంది. వేడి ఎంతసేపటికి ఒకసారి కొలవాలో చెప్పే లైను అది. ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో స్పష్టంగా లేదనీ, ఆ వ్యవధిలో బిళ్ల సగం ఊడితే తెలియకపోవచ్చనీ రాసింది. రాస్తుంటే చెయ్యి ఎక్కడా వెనకాడలేదు. ఇన్నేళ్ల తన పనిలో తెలియనిది తెలిసినట్టు రాయడం ఇదే మొదలు. ఇంత తేలికని ఆమె అనుకోలేదు. ఇక్కడ ఆగాను, అని కింద రాసి కౌండిన్యకి పంపింది.

అన్నాలు తినేలోపే అతను ఫోను చేశాడు. గొంతులో అలసట, దాని వెనక ఊరట. ఆ లైను ఒక్కటే పట్టుకుని, వెయ్యి రకాలుగా వేడి మార్చి, బిళ్ల సగం ఊడినట్టూ పావు ఊడినట్టూ పెట్టి మిషన్ చేత పరీక్ష చేయించాడట. ప్రతిసారీ ప్రోగ్రాము సరిగ్గానే పట్టుకుందట.

"మీరు చెప్పారు కాబట్టే అంత గట్టిగా చూశాం. అది సరైన లైనేనండీ. ఇంకేమైనా ఉందా?"

ఇంకో లైను చెప్పవచ్చు. దాన్నీ చూస్తారు, అదీ సరైనదేనంటారు. ఆ తర్వాత ఇంకొకటి. శశిధర్ పళ్లెం ముందు చెయ్యి ఆపుకుని ఆమెకేసి చూస్తున్నాడు.

"లేదండీ," అంది ఇందుమతి.

"అయితే నిశ్చింతగా ఉండండి," అన్నాడు కౌండిన్య.

సోమవారం ఆమె కొండ ఎక్కుతుంటే లారీలు దిగుతున్నాయి. ఆమె వస్తున్న బస్సు వాటికి దారి ఇవ్వడానికి మలుపులో పక్కకి ఒదిగి ఆగింది. ఒక్కొక్కటీ పక్క నుంచి గాలి కొట్టుకుంటూ వెళ్లిపోయింది.

ల్యాబులో ప్రణీత్ లేచి ఎదురొచ్చాడు. ఆమెకి సంతోషం కలిగించే మాట చెప్పాలని కాచుకుని ఉన్నట్టున్నాడు. ఆదివారం ఆమె పంపినది కౌండిన్య గారు పట్టీల్లోకి ఎక్కించారని చెప్పాడు. లైను తప్పు కాకపోయినా కారణం అంత వివరంగా ఇంతవరకూ ఎవరూ రాయలేదట.

"మీ పేరు మీద మొదటిది మేడమ్. ఇకమీద అలాంటి లైను ఎక్కడొచ్చినా అందరికీ తడుతుంది."

అతను మెచ్చుకోలుగా నవ్వాడు. ఇందుమతి తన కుర్చీలో కూర్చుని, పట్టీ దవడ కింద అతికించుకుని, ఆ రోజు చదవాల్సినది తెరిచింది. కొత్త బల్లల కోసం మిషన్ రాత్రికి రాత్రి రాసి పెట్టినది. మొదటి పేజీ దిగింది, రెండోది దిగింది. మూడో పేజీ నడుమ, వేడి ఎంతసేపటికి కొలవాలో చెప్పే చోట, దవడ కింద సన్నగా తట్టింది.

ఆమె ఆగింది.